ఉపేక్ష అంటే వదిలేయడం కాదు

మనుషుల్లాగే మాటలు కూడా కాలక్రమంలో దిగజారతాయి. తెలుగులో ‘ఉపేక్ష’ అనే మాటకు పట్టిన గతి చూడండి. ‘తప్పు చేసినవాళ్లను ఉపేక్షించేది లేదు’ అని అధికారులు ప్రకటనలిస్తారు. ‘ఉపేక్షిస్తే రోగం ముదురుతుంది’ అని డాక్టర్లు హెచ్చరిస్తారు. వార్త రాయడానికి కూర్చుంటే నా కలం కూడా ఆ అర్థంలోనే రాస్తుంది. పట్టించుకోకపోవడం, వదిలేయడం, చూసీ చూడనట్టు పోవడం. ఇవాళ ఉపేక్ష అంటే ఇంతే.

ఈ మాట పాళీలో ‘ఉపేక్ఖా’. బుద్ధుడు మనసు నివసించదగ్గ నాలుగు చోట్లు చెప్పాడు. వాటిని బ్రహ్మవిహారాలంటారు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. మైత్రి అంటే అందరి మేలు కోరడం. కరుణ అంటే ఎదుటివాడి బాధ తీరాలనుకోవడం. ముదిత అంటే ఎదుటివాడి బాగు చూసి సంతోషించడం. చివరిది, అన్నిటికన్నా కష్టమైనది ఉపేక్ష. నా వాడని మొగ్గకుండా, పరాయివాడని తగ్గకుండా అందరినీ ఒకే చూపుతో చూడటం. ఇవాళ మనం వాడే అర్థానికి అది పూర్తిగా తలకిందులు. అది కళ్లు తెరిచి చూడటం. మనం దాన్ని కళ్లు మూసుకోవడంగా మార్చుకున్నాం.

ఈ దేశంలో ముస్లింగా బతుకుతున్న నాకు ఈ తేడా నిఘంటువుకు సంబంధించింది కాదు, బతుకుకు సంబంధించింది. పచ్చి ద్వేషం నాకు రోజూ ఎదురుకాదు. ఎదురైనప్పుడు దాన్ని గుర్తుపట్టడం తేలిక, జవాబు చెప్పడమూ తేలిక. రోజూ ఎదురయ్యేది ఈ దిగజారిన ఉపేక్ష. ‘మా ఊళ్లో గొడవల్లేవు, అందరం అన్నదమ్ముల్లా ఉంటాం’ అనే మాట వెనక దాక్కున్న ఉపేక్ష.

సాయిబుకు బుద్ధుడితో ఏం పని అని అడిగేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. మావాళ్లు అనుమానంగా అడుగుతారు. అవతలివాళ్లు ఆశ్చర్యంగా అడుగుతారు. మాది అక్కన్నపేట. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చేదాకా హుస్నాబాద్ మండలంలో, కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు మండల కేంద్రమై సిద్దిపేట జిల్లాలో చేరింది. ఆ పాత కరీంనగర్ జిల్లాలోనే ధూళికట్ట ఉంది. అక్కడ శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం తవ్వకాల్లో బయటపడింది. ముచిలింద నాగు పడగ విప్పి నిలబడిన శిల్పఫలకాలు దొరికాయి. ఆ స్తూపం పక్కన పారే వాగును హుస్సేన్ మియా వాగు అంటారు. బుద్ధుడి స్తూపాన్ని ఒరుసుకుంటూ ఒక ముస్లిం పేరున్న వాగు పారే నేల మాది. అంతకు ముందు సంగతి కూడా ఉంది. గోదావరి ఒడ్డున అస్సక దేశంలో ఉన్న బావరి అనే గురువు, బుద్ధుణ్ణి ప్రశ్నలు అడిగి రమ్మని తన పదహారు మంది శిష్యులను ఉత్తరాదికి పంపాడని సుత్తనిపాతం చెప్తుంది. బుద్ధుడు ఎక్కడో పుట్టాడు, నిజమే. ఆయన్ను అడగవలసిన ప్రశ్నలు మాత్రం మన గోదావరి నుంచి కూడా పోయాయి. ఆ ప్రశ్నల్లో నాకూ వాటా ఉంది.

నేను మతం మారడానికి బుద్ధుణ్ణి చదవలేదు. ఉర్దూలో, తెలుగులో రెండింటిలో రాసి బతికేవాడికి మాటల తూకం తెలియాలి. అందుకు చదివాను. చదివితే నా ఇంటి మాటలే కొత్తగా వినిపించాయి. అరబ్బీలో రహ్మ్, రహ్మత్, రహీమ్ అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తల్లి గర్భసంచికి ఉన్న పేరు ‘రహిమ్’ కూడా ఆ ధాతువుదే. పాళీలో మెత్తసుత్తం మైత్రిని వివరించడానికి తెచ్చుకున్న పోలిక కూడా తల్లీబిడ్డలదే. రెండు భాషలకు చుట్టరికం లేదు. అయినా దయ ఎక్కడ పుడుతుందని వెతుకుతూ రెండూ ఒకే చోటికి చేరాయి, అమ్మ కడుపు దగ్గరికి. ఇక ఉర్దూలో సానుభూతికి మేము వాడే మాట ‘హమ్‌దర్దీ’. ఒకే నొప్పిని పంచుకోవడం అని అర్థం. పైనుంచి కిందికి చూసే జాలికి అందులో చోటు లేదు.

అలాగే పక్షపాత ద్వేషానికి ఉర్దూలో ‘తఅస్సుబ్’ అంటాం. అరబ్బీలో ‘అసబా’ అంటే తండ్రి తరఫు రక్తబంధువులు. తనవాళ్ల పక్కన గుడ్డిగా నిలబడటం నుంచి పుట్టిన మాట అది. ఇతరులను ద్వేషించడానికి ముందు మనిషి చేసే పని తనవాళ్లకు వేరే తూకం వాడటం. ద్వేషం తర్వాత వస్తుంది. మొదట తూకం రెండుగా చీలుతుంది.

పల్లెల్లో, పట్నాల్లో ఈ రెండు తూకాలు ఎలా పనిచేస్తాయో చెప్తాను. మొదటిది మినహాయింపు. చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నప్పుడు ఎవరో ప్రేమగానే అంటారు: ‘నీ సంగతి వేరే భయ్యా, నువ్వు మనోడివి. ఆ పాతబస్తీవోళ్లతోనే పరేషానీ.’ అతను నన్ను మెచ్చుకున్నాననే అనుకుంటాడు. నిజానికి నా జాతి మొత్తాన్ని బోనులో నిలబెట్టి నాకొక్కడికి బెయిలిచ్చాడు. ఆ బెయిలు ఎప్పుడైనా రద్దు కావచ్చు. 2021 అక్టోబర్‌లో టీ20 ప్రపంచ కప్‌లో పాకిస్తాన్ చేతిలో మన జట్టు మొత్తం ఓడింది. సోషల్ మీడియాలో తిట్లు మాత్రం మహమ్మద్ షమీని మతం పేరుతో వెతుక్కుంటూ వచ్చాయి. వికెట్లు తీసినంతకాలం ‘మనోడు’. ఒక్క మ్యాచ్‌తో బెయిలు రద్దు.

రెండోది జాలి. ‘పాపం, వాళ్లలో చదువు లేదు, వాళ్ల ఆడవాళ్లు పరదాల్లో మగ్గిపోతున్నారు’ అనే జాలి. ఆ చదువు కోసం, ఉద్యోగం కోసం 2007లో 4 శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు అదే జాలిగల పెద్దమనుషుల్లో కొందరి మొహాలు మాడిపోయాయి. కింద ఉన్నంతసేపు జాలిపడతారు, పక్కకొచ్చి కూర్చుంటే ఓర్వలేరు.

మూడోది ఉపేక్ష, అంటే ఇవాళ్టి అర్థంలో. నగరంలో ఇల్లు అద్దెకు వెతుక్కునే ముస్లింకు ఇది బాగా తెలుసు. నాకు ఎదురైందే చెప్తాను. ఫోన్‌లో అన్నీ కుదిరాయి. పేరు అడిగారు. చెప్పాను. కాసేపు మౌనం. ఆ తర్వాత, ‘మాకేం ఇబ్బంది లేదు సార్, పైపోర్షన్ వాళ్లు ఒప్పుకోరు’ అన్నారు. పైపోర్షన్ వాళ్లను అడిగితే కిందివాళ్ల మీద చెప్తారేమో. ఎవరికీ ద్వేషం లేదు. ఎవరి మీదా కేసు పెట్టలేం. ఇల్లు మాత్రం దొరకదు. ఈ సంగతి స్నేహితులకు చెప్తే, ‘పోనీ లెండి, ఇంకో ఇల్లు చూసుకోండి’ అంటారు. ఆ ‘పోనీ లెండి’ దగ్గరే నా గొంతు పట్టుకుపోతుంది.

క్రీస్తు శకం అయిదో శతాబ్దంలో శ్రీలంకలో కూర్చుని బుద్ధఘోషుడు ‘విశుద్ధిమార్గం’ అనే పెద్ద గ్రంథం రాశాడు. నాలుగు బ్రహ్మవిహారాలకు ఒక్కోదానికి ఇద్దరేసి శత్రువులుంటారని అందులో వివరిస్తాడు. ఒకడు దూరపు శత్రువు, ఒకడు దగ్గరి శత్రువు. మైత్రికి దూరపు శత్రువు ద్వేషం. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. వీళ్లు కొండల్లో దాక్కున్న శత్రువుల్లాంటివాళ్లు, ఎదురుపడితే తెలుస్తుంది. దగ్గరి శత్రువు మన పక్కనే, మన వేషంలోనే తిరుగుతాడు. మైత్రికి దగ్గరి శత్రువు మమకారం. కరుణకు దగ్గరి శత్రువు దిగులు. ఉపేక్షకు దగ్గరి శత్రువు తెలియనితనంతో వచ్చే పట్టనితనం.

ఇది చదివినప్పుడు నా ఊరూ నా పట్నమూ కళ్ల ముందు కదిలాయి. ‘నువ్వు మనోడివి’ అనేది మైత్రి వేషం వేసుకున్న మమకారం. ‘పాపం వాళ్లు’ అనేది కరుణ వేషం వేసుకున్న దిగులు. ‘పోనీ లెండి’ అనేది ఉపేక్ష వేషం వేసుకున్న పట్టనితనం. మన లౌకికవాదులు ఎంతకాలంగానో దూరపు శత్రువులతోనే యుద్ధం చేస్తున్నారు. మతోన్మాదానికి వ్యతిరేకంగా ఊరేగింపులు తీశారు, కరపత్రాలు వేశారు. ఆ మేలు మరువలేం. దగ్గరి శత్రువులు మాత్రం వాళ్ల ఇళ్లల్లోనే, వాళ్ల మంచితనంలోనే కాపురముంటున్నారు. వాళ్లతో ఎవరూ యుద్ధం ప్రకటించలేదు.

అసలు ఈ దురభిప్రాయాలకు పునాది ఏమిటి? విన్నమాట. ‘వాళ్లు నలుగురిని చేసుకుంటారట.’ ‘వాళ్ల ఇంట్లో కత్తులుంటాయట.’ మన దేశంలో మతద్వేషం అంతా ఈ ‘అట’ మీదే నిలబడి ఉంది. కేసపుత్తం అనే ఊళ్లో కాలాములు అనే జనం బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడిగారు. ఒక గురువు వచ్చి తన మతాన్ని పొగిడి మిగతావాటిని తిడతాడు, ఇంకొకడు వచ్చి అదే పని చేస్తాడు, ఎవరిని నమ్మాలి? విన్నంత మాత్రాన నమ్మొద్దన్నాడు బుద్ధుడు. తరాలుగా చెప్పుకుంటున్నారని, శాస్త్రంలో ఉందని, చెప్పినవాడు గురువని నమ్మొద్దన్నాడు. ఆ మాట నీలో లోభాన్ని పెంచుతున్నదా, ద్వేషాన్ని పెంచుతున్నదా, మోహాన్ని పెంచుతున్నదా చూసుకోమన్నాడు. చాలామంది అంతవరకే చెప్పుకుని ఆగిపోతారు, బుద్ధుణ్ణి హేతువాది అని మెచ్చుకుంటారు. ఆ ఉపదేశం అక్కడ ఆగదు. అలా పరీక్షించుకున్న మనసు మైత్రితో, కరుణతో, ముదితతో, ఉపేక్షతో అన్ని దిక్కులకూ విస్తరిస్తుందని ముగుస్తుంది. విచారణ లేని దయ జాలిగా మిగులుతుంది. దయ లేని విచారణ కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లా మిగులుతుంది. రెండూ కలిస్తేనే దురభిప్రాయం కదులుతుంది.

ఈ మాటలు చెప్పడమే కాదు, బుద్ధుడు చేసి చూపించాడు. ఉపాలి అనే ధనిక గృహస్థు జైనుల అనుచరుడు. బుద్ధుడితో వాదానికి వచ్చి, ఆయనకే శిష్యుడయ్యాడు. ఇవాళ ఇలాంటిది జరిగితే ఫోటోలు వేసుకుంటారు. బుద్ధుడేమన్నాడు? నీ ఇల్లు జైన సాధువులకు చాలాకాలంగా ఊటబావిలా ఉంది, వాళ్లు భిక్షకు వస్తే పెట్టడం మానొద్దన్నాడు. అనుచరుణ్ణి సంపాదించుకున్న రోజునే ఎదుటి మతం వాళ్ల అన్నం గురించి ఆలోచించడం ఉపేక్ష. అశోకుడి పన్నెండో శిలాశాసనం కూడా ఈ దారిదే. తన మతాన్ని పొగుడుకోవడానికి ఇతరుల మతాన్ని కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ చెరుపు చేస్తాడని దాని సారాంశం. ఆ శాసనం ఎక్కడో పాటలీపుత్రంలో ఉందనుకోకండి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి 14 ప్రధాన శాసనాలు చెక్కి ఉన్నాయి, అదీ వాటిలో ఉంది. తెలుగునేల మీద రెండువేల రెండువందల ఏళ్లకు పైగా నిలబడి ఉన్న మాట అది.

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాం. బుద్ధఘోషుడే ఒక ఉదాహరణ చెప్తాడు. ఒకచోట నలుగురున్నారు. ఒక భిక్షువు, అతనికి ఇష్టమైనవాడు, ఏమీ కానివాడు, శత్రువు. దొంగలు వచ్చి బలి ఇవ్వడానికి ఒకణ్ణి ఇవ్వమన్నారు. ఫలానావాణ్ణి తీసుకుపొండి అని భిక్షువు అనుకున్నాడా, అతని మనసులో సరిహద్దులు ఇంకా ఉన్నట్టే. చివరికి నన్నే తీసుకుపొండి అనుకున్నా ఉన్నట్టే. నలుగురిలో ఇవ్వదగినవాడు ఒక్కడూ కనబడని రోజున సరిహద్దులు చెరిగినట్టు. దీన్ని ‘సీమాసంభేదం’ అన్నాడు, హద్దులు పగలగొట్టడం.

మన ప్రాంతంలో ఆ హద్దు పేరు 1948.

అక్కన్నపేటకు దగ్గర్లో, హుస్నాబాద్ పక్కన మహ్మదాపూర్ గుట్టలున్నాయి. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకర్‌రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల సహచరులు నిజాం పోలీసులతో పోరాడుతూ అక్కడ ప్రాణాలిచ్చారు. ఇవాళ మా జిల్లాలోనే ఉన్న బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఊరి మీద పడి ఎనభై మందికి పైగా మనుషులను చంపారు. ఊరివాళ్లు కాపలా కాసిన బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది. ఇది కథ కాదు, పుకారు కాదు. ఆ ఊళ్లో ఆ శోకం ఇంకా తడిగానే ఉంది.

తర్వాత 17 రోజులకు, సెప్టెంబర్ 13న, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి దిగింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత మరఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఊచకోత జరిగింది. దాన్ని విచారించమని ప్రధాని నెహ్రూ ప్రోద్బలంతో వచ్చిన ముగ్గురు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండిపోయింది. 2013లో గాని మామూలు మనిషి చదవడానికి అందుబాటులోకి రాలేదు.

రెండు పత్రికా భాషల మధ్య పనిచేసేవాడిగా నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను. ఏటా సెప్టెంబర్ 17 వస్తే తెలుగులో విమోచన అంటారు, విలీనం అంటారు, విద్రోహం అంటారు. ఉర్దూలో ‘సుకూతె హైదరాబాద్’ అంటారు, హైదరాబాద్ పతనం అని. 2022లో కేంద్రం విమోచన దినమని, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని, 2023లో వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినమని పేర్లు పెట్టాయి. ఒక్క రోజుకు ఇన్ని పేర్లు. ఒక వైపు బైరాన్‌పల్లి ఉంటుంది, సుందర్‌లాల్ నివేదిక ఉండదు. ఇంకోవైపు సుందర్‌లాల్ నివేదిక ఉంటుంది, బైరాన్‌పల్లి ఉండదు. ఎవరి శవాలను వాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. దొంగలకు ఎవరిని ఇవ్వాలో రెండు వైపులా ముందే నిర్ణయించుకున్నాం.

రజాకార్ల పేరు చెప్పి ఇవాళ్టి ముస్లిం పిల్లవాణ్ణి వేలెత్తి చూపేవాళ్లకు ఒక మాట. అదే 1948 ఆగస్టులో, బైరాన్‌పల్లికి కొద్దిరోజుల ముందు, హైదరాబాద్‌లో ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు నడివీధిలో చంపారు. అంతకు ముందు 1940లో జనగామ ప్రాంతంలో, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టులో గెలిచిన రైతు షేక్ బందగీని హత్య చేశారు. రజాకార్లకు అండగా నిలిచిన దేశ్‌ముఖ్‌లలో హిందువులు చాలామంది. చరిత్రను మతం గీతతో గీయబోతే అది ఎక్కడికక్కడ తెగిపోతుంది.

ముస్లింలందరం బాధితులమే అనుకునే మావాళ్లకు కూడా ఒక మాట. సుందర్‌లాల్ బృందం రాసింది చావుల లెక్క మాత్రమే కాదు. ప్రాణాలకు తెగించి ముస్లింలను కాపాడిన హిందువుల గురించి కూడా రాశారు. ముఖ్యంగా ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య ఈ బంధం కనిపించిందన్నారు. హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లకు అడ్డంగా నిలబడ్డారు, కొన్నిచోట్ల ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఒకే మగ్గం మీద నడుం వంచినవాళ్లకు ఒకే నొప్పి తెలుసు. హమ్‌దర్దీ అంటే అదీ. ఆ నివేదికను మనం మన గాయానికి సాక్ష్యంగా మాత్రమే తెచ్చుకుని ఆ నేతపనివాళ్లను మర్చిపోతే, మన తూకం కూడా రెండుగా చీలినట్టే.

ఇంకా కష్టమైన పరీక్ష మయన్మార్. బుద్ధుడి కరుణ గురించి ఒక ముస్లిం రాస్తుంటే రోహింగ్యాల పేరెత్తకుండా తప్పించుకోవడం నిజాయితీ కాదు. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం దాడులతో 7 లక్షలకు పైగా రోహింగ్యాలు రఖైన్ వదిలి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందు నుంచే అక్కడ కాషాయం కట్టుకున్న భిక్షువులు కొందరు ముస్లింల మీద విషం కక్కారు. మన హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు వెళ్తే గుడిసెల్లో ఆ రోహింగ్యాలే కనబడతారు. వాళ్ల పిల్లలకు బుద్ధుడి పేరు చెప్తే ఏం గుర్తొస్తుందో ఊహించండి.

అంటే బుద్ధుడి కరుణ ఓడిపోయిందా? పేరు వేసుకున్నంత మాత్రాన ఏ మతమూ దయను పంచదు అని తేలింది. 2013 మార్చిలో మెయిక్తిలా పట్టణంలో ముస్లింల ఇళ్లు తగలబడుతుంటే విథుద్ధ అనే మఠాధిపతి వందలాది ముస్లింలను తన ఆరామంలో దాచాడు. గుంపు వచ్చి వాళ్లను అప్పగించమంటే కదల్లేదు. దొంగల ఉదాహరణ పుస్తకంలోంచి లేచి నిజంగా గుమ్మం ముందుకు వచ్చిన క్షణం అది. ఆయనకు అప్పగించదగినవాడు ఒక్కడూ కనబడలేదు.

2001 మార్చిలో తాలిబన్లు బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చేసినప్పుడు ఇక్కడ మమ్మల్ని నిలదీశారు. మాకూ తాలిబన్లకూ ఏం సంబంధమన్నాం. ఆ కొండల నీడలో తరతరాలుగా బతికిన హజారాలు కూడా ముస్లింలే, వాళ్లను తాలిబన్లు ఊచకోత కోశారని చెప్పాం. నిజమే చెప్పాం. అదే న్యాయం మయన్మార్ విషయంలో బౌద్ధులకు ఇవ్వాలి. తాలిబన్ చేసినదానికి హుస్నాబాద్ బస్టాండులో పండ్లమ్ముకునే ఖాదర్‌మియా జవాబుదారు కాకపోతే, సైనిక జనరల్ చేసినదానికి నాగపూర్ దీక్షాభూమికి వెళ్లే దళిత బౌద్ధుడు జవాబుదారు కాడు. ఒక జాతి మీది కోపం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని ఖురాన్ విశ్వాసులను ఆదేశిస్తుంది. ఆ న్యాయాన్ని మేము ‘అద్ల్’ అంటాం. అద్ల్, ఉపేక్ష ఒకే తక్కెడకు ఉన్న రెండు పేర్లని నా నమ్మకం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. దెబ్బలు తినేవాణ్ణి సమచిత్తంతో ఉండమనడం దెబ్బ కొట్టేవాడికి సాయం చేయడం కాదా? కొట్టేవాడికి చెప్పరేం? నిజమే. సహనం గురించి ఈ దేశంలో పాఠాలన్నీ మైనారిటీలకే చెప్తారు. మెజారిటీకి సహనం ఒక అలంకారం, మైనారిటీకి అది షరతు.

అందుకే క్రమం ముఖ్యం. ఉపేక్ష నాలుగోది, మొదటిది కాదు. మైత్రి, కరుణ, ముదిత లేకుండా నేరుగా ఉపేక్షకు వచ్చేవాడు పట్టనితనంలో పడతాడు. ఇల్లు దొరకనివాడి బాధ నీకు తాకాలి, వాడి కొడుక్కి ఉద్యోగమొస్తే నీకు సంతోషం కలగాలి, అప్పుడే ‘నేను అందరినీ సమానంగా చూస్తాను’ అనే మాటకు అర్హత వస్తుంది. ఇది మొదట బలం ఉన్నవాడు నేర్చుకోవలసిన పాఠం. ఎందుకంటే తక్కెడ అతని చేతిలో ఉంది.

దెబ్బ తిన్నవాడికి ఉపేక్ష అంటే మౌనం కాదు. ఫిర్యాదు చెయ్యాలి, వార్త రాయాలి, కోర్టుకు పోవాలి, రోడ్డు మీద కూర్చోవాలి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్న అంబేడ్కర్ హక్కుల పోరాటాన్ని అక్కడ ముగించలేదు. మా మండలంలోనే గౌరవెల్లి రిజర్వాయర్ కింద భూములు, ఇళ్లు పోగొట్టుకున్న గుడాటిపల్లి జనం పరిహారం కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. వాళ్ల కోపం న్యాయమైంది. పక్క ఊరి రైతును శత్రువుగా చూడలేదు గనక అది దారి తప్పలేదు. కోపానికి సరైన చిరునామా రాయడమే ఉపేక్ష చేసే పని. మనిషి చేసిన తప్పును మనిషి పేరు మీదే రాయాలి, అతని మతం పేరు మీద రాయకూడదు.

ఈ లెక్కన మా ఇల్లు కూడా ఊడ్చుకోవాలి. దూదేకుల, నూర్‌బాషా ఇళ్లతో వియ్యమందడానికి షరీఫులమని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ వెనకాడుతున్నారు. ఉర్దూ రానివాడు సగం ముసల్మానని నవ్వుతారు. పీర్లను ఎత్తే పల్లె ముస్లింను అజ్ఞాని అంటారు. ఆ పీర్ల కింద దట్టీలు కట్టిన గొల్ల, గౌడ, మాదిగ కుటుంబాలు ఎన్ని తరాలుగా మా దుఃఖాన్ని తమ దుఃఖం చేసుకున్నాయో వాళ్లకు పట్టదు. మాకు ఒకే తూకం కావాలని అడిగేముందు మా గడపలోపల కూడా ఒకే తూకం ఉండాలి. ఇది మెజారిటీని మెప్పించడానికి చెప్పడం లేదు. మా పసమందాల ఆకలి కూడా మా అస్తిత్వంలో భాగమే గనక చెప్తున్నాను.

ఇక చెయ్యగలిగిన పని ఒకటి ముందు పెడతాను. వచ్చే సెప్టెంబర్ 17న, జెండాకు ఏ పేరు పెట్టినా సరే, మా అక్కన్నపేటలో గాని హుస్నాబాద్‌లో గాని ఒక బడిలో పిల్లలను కూర్చోబెట్టి రెండు కథలూ ఒకే గంటలో చెప్పాలి. బైరాన్‌పల్లి బురుజు దగ్గర ఏం జరిగిందో ఒక ముస్లిం మాస్టరు చెప్పాలి. సుందర్‌లాల్ బృందం ఏం చూసిందో ఒక హిందూ మాస్టరు చెప్పాలి. షోయబుల్లా ఖాన్ గురించి, ఆ నేతపనివాళ్ల గురించి ఇద్దరూ కలిసి చెప్పాలి. ఎవరి చావు పెద్దది అని పిల్లలు అడిగితే, ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదని ఒప్పుకోవాలి. పిల్లలకు ఆ రోజు ఉపేక్ష అనే మాట అర్థమవుతుంది. మనం పోగొట్టుకున్న అర్థంలో.